మేత నెలలు

ఆ వేసవి మా ఇంట్లో రెండు ప్రయాణాలకి ఏర్పాట్లు జరిగాయి. ఒకటి నేను పొద్దస్తమానం ఫోన్లో గొంతు చించుకుని చేసింది. రెండోది మావయ్య ఎవరికీ ఒక్క ముక్క చెప్పకుండా చేసింది. రెండూ ఒకే చోటికని నాకు మొదట తెలీదు. తెలిసి ఉంటే ఏం చేసేదాన్ని అంటారా? చేసిందే చేసేదాన్ని. కాస్త ముందుగా చేసేదాన్ని, అంతే.

మా దీవిలో కోనా అనే ఊళ్ళో, వెండెల్ అనే ఆయన స్కూబా డైవింగ్ షాపులో నా ఉద్యోగం. వచ్చినవాళ్ళ వీపులకి గాలి సిలిండర్లు కట్టి, సముద్రం అడుగుకి తీసుకెళ్ళి, చూపించాల్సినవి చూపించి, ప్రాణాలతో పైకి తీసుకురావడం నా పని. రాబోయేవాళ్ళు ఏ రోజు ఎక్కడ దిగాలో ఏర్పాటు చెయ్యడం కూడా నా నెత్తినే ఉండేది. వెండెల్ బయటినుంచి మా దీవికి వచ్చి చాలా ఏళ్ళయింది. పోయిన శీతాకాలంలో మా రేవు పైన గుట్ట మీద ఇల్లు కూడా కట్టుకున్నాడు. పూల చొక్కా తప్ప ఇంకోటి తొడగడు. అందరి చేతా అంకుల్ అని పిలిపించుకోవాలని ఆయనకి మహా సరదా. మా దగ్గర ఆ పిలుపు వయసుని చూసి రాదు, పెట్టే చేతిని చూసి వస్తుంది. అయినా జీతమిచ్చేవాడు ముచ్చటపడుతున్నాడు, పోయేదేముందని నేనూ పిలిచేదాన్ని.

మార్చిలో జూడిత్ అనే ఆవిడ ఫోన్ చేసింది. ఎక్కడో మంచు కురిసే ఊళ్ళో పంతులమ్మగా చేసి రిటైరయింది. అక్కడి డైవింగ్ క్లబ్బుకి పెద్ద. ఆగస్టులో తన జట్టుని వెంటేసుకుని మా దీవికి వస్తానంది. ఆ రోజునుంచి నాకు స్థిమితం లేదు. "రెక్కలున్న ఆ పెద్ద మాంటా చేపలు తప్పకుండా కనిపిస్తాయా?" అని అడిగేది. "అవి మా షాపులో పనిచెయ్యవండీ, వాటి ఇష్టం" అనేదాన్ని. డైవ్ చేసిన రోజు ఎత్తయిన కొండ ఎక్కితే ఒంట్లో బుడగలు కట్టి ప్రాణం మీదికొస్తుందని చెబితే, కొండ ముందా సముద్రం ముందా అని వారం పాటు తేల్చుకోలేకపోయింది. ఆఖరి డైవ్‌కీ తిరుగు విమానానికీ మధ్య ఒక రోజు ఖాళీ ఉంచాలన్నాను. "ఆ రోజంతా ఏం చెయ్యను?" అంది. "ఊపిరి పీల్చుకోండి" అన్నాను. నిజం చెప్పొద్దూ, ఆవిడంటే నాకు ఇష్టమే. ఇంత శ్రద్ధగా ప్రయాణం కట్టుకునే మనిషిని నేను చూడలేదు.

ఒకరోజు ఆవిడ ఫొటో ఒకటి పంపింది. ఇంటర్నెట్‌లో ఎక్కడో దొరికిందట. నీలం నీళ్ళలో వెండి రంగు చేపలు వేలకొద్దీ సుడి తిరుగుతున్నాయి. పైన ఒక చిన్న పడవ అడుగు కనిపిస్తోంది. "నోహియా, నాకు ఇది కావాలి. నాలుగో రోజు పెట్టు. దీనికోసమే వస్తున్నాననుకో" అంది.

ఆ పడవ అడుగున ఎర్ర రంగు అతుకు ఉంది. ఆ అతుకు వేసింది మా మావయ్య. మా రేవు కుర్రాడెవడో తాడుకి కెమెరా కట్టి కిందికి దించి తీసిన ఫొటో అది. ఆ చేపలు మావి.

మావి అంటే వెండెల్ లాంటివాళ్ళు నవ్వుతారు, నాకు తెలుసు. మా రేవుకి ఎదురుగా నీళ్ళ అడుగున ఒక మెట్ట ఉంది. అలాంటి చోటుని మేం కోఆ అంటాం. ఓపెలు అనే చేపలు అక్కడ చేరతాయి. ఊరికే చేరవు. వానలు వెనకబట్టిన దగ్గర్నుంచీ మావయ్య అలపాయి రోజూ తెల్లవారగానే పడవలో వెళ్ళి, ఉడికించి మెత్తగా నలిపిన గుమ్మడికాయా చేమదుంపా గుడ్డలో మూటగట్టి, రాయి కట్టి లోతుకి దించి, తాడు గుంజి మూట విప్పుతాడు. మాంసం ముక్క అందులో పడకూడదు. పడిందా, ఆ వాసనకి పెద్ద నోళ్ళవి వచ్చి మేతతో పాటు మేసేవాటినీ మింగుతాయి. మేత పెట్టినన్ని నెలలూ ఒక్క చేపని పట్టకూడదు, ఆ నీళ్ళలో మనిషన్నవాడు కాలు పెట్టకూడదు. చేపలు మచ్చికవుతాయి, బలుస్తాయి. చివర్న వల దించి, చాలినన్ని పట్టి, రేవులో పొయ్యి వెలిగే ప్రతి ఇంటికీ పంచుతారు. ఏడాది పొడుగునా మా అందరికీ ఆ ఎండు చేపే ఆధారం. మధ్యలో బెదిరాయంటే మాత్రం ఆ ఏటికి ఇక రావు.

కోఆని కనిపెట్టుకుని ఉండే బాధ్యత మా ఇంటిది. మా అమ్మమ్మని మేం టూటూ అంటాం. ఆవిడ బతుకులో ఒకే ఒక్క ఏడాది చేపలు బెదిరి పోయాయి. ఆ ఏడు రేవులో ఏం తిన్నారని అడిగితే ఇప్పటికీ మాట మార్చేస్తుంది.

ఫొటో చూసి నేను నోరు మెదపలేదు. కానీ జూడిత్ తెలివైన మనిషి, అదే ఫొటో వెండెల్‌కీ పంపింది.

"ఇది మన రేవే కదూ" అన్నాడు ఆయన, మొహం వెలిగిపోతూ. గుట్ట మీద ఇల్లు కట్టుకుని ఏడాది కాలేదు, అప్పుడే మన రేవు.

"అవునంకుల్. మేత నెలలివి. అక్కడ దిగకూడదు."

"దిగి ఏం చేస్తాం? ముట్టుకోం, పట్టుకోం. చూసి వచ్చేస్తాం."

"మీరు ఇంట్లో అన్నానికి కూర్చున్నప్పుడు పదిమంది కిటికీలోంచి దూరి, చుట్టూ నిలబడి బుడగలు వదిలితే తింటారా?"

ఆయన నవ్వాడు. నవ్వి నా భుజం తట్టాడు. "సముద్రానికి గేటుందా, నోహియా?"

"లేదంకుల్. అందుకే మనుషులం ఉన్నాం" అన్నాను.

ఆయన అది హాస్యమనుకున్నాడు. నేను మాత్రం నా ఎత్తు నేను వేశాను. మావయ్య వల బాగుచేసుకుంటున్న తీరు చూస్తే ఆగస్టు మొదట్లోనే దించేలా ఉన్నాడు. జూడిత్ జట్టుని ఆగస్టు చివరికి రమ్మన్నాను. అప్పటికి వల దించడం, పంచడం అయిపోతుంది. కోఆ మీద బుడగలు ఊదుకుంటారో, పాటలే పాడుకుంటారో వాళ్ళిష్టం. పాము చావాలి, కర్ర విరగకూడదు. వాళ్ళు టికెట్లు కొనేసుకున్నారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ మురిపెం ఎన్నాళ్ళో నిలవలేదు. జూలైలో ఒక సాయంత్రం అన్నానికి కూర్చున్నాం. టూటూ, మావయ్య, నేను. పగలంతా జూడిత్‌తో మాట్లాడి మాట్లాడి నా నోరు తేదీలకి అలవాటు పడిపోయింది. ఆ ఊపులోనే అడిగేశాను.

"మావయ్యా, ఆగస్టు అమావాస్య లోపే వల దించేస్తావు కదా?"

మావయ్య చేతిలోని చేమ ముద్ద చేతిలోనే ఆగిపోయింది. టూటూ నావైపు చూసింది.

"ఏమన్నావే?" అంది.

నాలుక కరుచుకున్నాను. చేపకి చెవులుంటాయని మావాళ్ళ నమ్మకం. వేటకి వెళ్ళేవాణ్ణి ఎక్కడికని అడగకూడదు. ఎప్పుడని అసలే అడగకూడదు. వల భుజాన వేసుకుని ఎదురొచ్చినా సరే, "ఏం, అలా తిరిగొద్దామనా?" అనే అనాలి. ఎవరైనా పేరు పెట్టి అడిగారా, ఆ వేట చెడినట్టే. పాలు తాగే పిల్లలకి కూడా తెలిసిన సంగతి.

"ఎవరు వెళ్తున్నారు? నేనెక్కడికీ వెళ్ళడం లేదే" అన్నాడు మావయ్య, చెయ్యి కడుక్కుంటూ.

"మావయ్యా, ఏదో పరాకున అనేశాను. వదిలెయ్యరాదూ."

"వదిలేశాను. ఇంకో చంద్రుడు పుట్టకపోతాడా? ఈలోగా ఇంకాస్త ఒళ్ళు చేస్తాయిలే."

ఇంకో చంద్రుడు పుట్టేసరికి సెప్టెంబరు. జూడిత్ జట్టు వచ్చేది ఆగస్టు చివర్న. ఎవరికోసమైతే ఇంత జాగ్రత్తపడ్డానో, వాళ్ళు సరిగ్గా చేపలు బాగా మచ్చికై బలిసి ఉన్న రోజుల్లో వచ్చి పడతారు. జరిగింది చెప్పాను. ఫొటో చూపించాను. వెండెల్ అన్నదీ చెప్పాను. క్షమించమని నేను అడగలేదు, వాళ్ళూ అడిగించుకోలేదు.

"సముద్రానికి గేటుందా అన్నాడా?" అని మావయ్య నవ్వాడు. "సముద్రం మనదని ఎవరన్నారు? మేత మనది."

మర్నాడే వెండెల్ దగ్గరికి వెళ్ళి కోఆ కుదరదని తెగేసి చెప్పాను. నాలుగో రోజుకి లావా గుహలు పెట్టానన్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"జూడిత్‌కి మాటిచ్చేశాను."

"మీరెలా ఇస్తారు మాట? అత్త సొమ్ము అల్లుడు దానమా?"

"నోహియా, మనమంతా ఒక కుటుంబం."

"కుటుంబమైతే వచ్చి గుమ్మడికాయ తరగండి. ప్రతి ఇంటివాళ్ళూ తెస్తున్నారు. మీ ఇంటినుంచి ఒక్క కాయ దిగలేదు."

ఆయన మొహం మాడింది. "ఆ నీళ్ళు నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీవు. నువ్వే దింపుతావు. నాలుగు రోజులు ఆలోచించుకో" అన్నాడు.

ఆలోచించడానికేముంది, ఉద్యోగం వాడి మొహాన కొట్టి వద్దామనుకుంటూ ఇంటికి వచ్చాను. టూటూ వాకిట్లో కూర్చుని దుంపల చెక్కు తీస్తోంది. దురద పుడుతుందని మాకు చెయ్యి పెట్టనివ్వదు, ఆవిడ చేతులకి దురద ఎప్పుడో అలిసిపోయింది.

"మానేస్తున్నాను టూటూ."

"మానకు."

"మరి వాళ్ళని దింపమంటావా?"

"నేనన్నానా? నువ్వు మానేస్తే సాయంత్రానికి ఇంకొకణ్ణి పెట్టుకుంటాడు. వాడికి మన రేవేమిటి, మన ఊసేమిటి. నువ్వు ఆ పడవలోనే ఉండు."

"ఉండి?"

"ఉండు. ఆ తర్వాత నీకు బుద్ధి పుట్టకపోతే నా మనవరాలివే కావు" అని ఇంకో దుంప అందుకుంది.

నేను పనికి వెళ్తూనే ఉన్నాను, నాలుగో రోజు సంగతి వెండెల్ మళ్ళీ ఎత్తలేదు. జూడిత్ వాళ్ళు వచ్చారు. నేను అనుకున్నదానికంటే పొట్టిగా, అనుకున్నదానికంటే గట్టిగా ఉంది మనిషి. మొదటి మూడు రోజులూ అద్భుతంగా జరిగాయి. ఆవిడ మాంటా చేపల్ని చూసి నీళ్ళలోనే ఏడ్చిందట, మాస్కులోకి ఉప్పునీళ్ళు లోపల్నుంచి రావడం ఎప్పుడైనా చూశావా అని నన్నడిగింది. నాలుగో రోజు పొద్దున వెండెల్ చుక్కాని దగ్గర నిలబడి ఎక్కడికని ఎవరికీ చెప్పకుండా పడవని దక్షిణానికి తిప్పాడు. ఎక్కడికో నాకు తెలుస్తూనే ఉంది.

మా రేవు కనిపించింది. కోఆ మీద మావయ్య పడవ ఆగి ఉంది. మావయ్య తెడ్డు పట్టుకుని ఉన్నాడు. ముందు భాగంలో టూటూ కూర్చుని ఉంది. మోకాళ్ళు సహకరించక ఆవిడ పడవెక్కి ఎన్నో ఏళ్ళయింది. ఎలా ఎక్కించారో, ఎంతమంది పట్టారో నాకు తెలీదు. ఒళ్ళో మేత మూట పెట్టుకుని, రోజూ చేసే పనే అన్నట్టు కూర్చుంది.

వెండెల్ కాస్త దూరంలో ఇంజన్ ఆపాడు. "ఆంటీ, బావున్నారా? ఊరికే చూసి వెళ్ళిపోతాం" అని అరిచాడు.

టూటూ మా పడవలో వాళ్ళందర్నీ ఒకసారి కలయజూసింది. "తిన్నారా?" అంది.

అందరూ సిలిండర్లు కట్టుకుని, మాస్కులు నుదుటి మీదికి పెట్టుకుని నావైపు చూస్తున్నారు.

"దింపు" అన్నాడు వెండెల్.

నేను కాళ్ళకున్న ఈత రెక్కలు విప్పి పక్కన పెట్టాను. సిలిండర్ కూడా దించేశాను.

"నేను దిగను."

"ఏమిటీ వేషాలు?"

"దిగను వెండెల్."

"సరే. నేనే తీసుకెళ్తా. నువ్వొచ్చి చుక్కాని దగ్గర ఉండు."

నీళ్ళ కింద మనుషులున్నంతసేపూ పైన పడవలో నడిపేవాడు ఉండి తీరాలి. ఇది మా పనిలో మొదటి రోజు నేర్పే పాఠం. ఆ పడవకి ఆయనా నేనూ ఇద్దరమే. ఒకరు దిగితే ఒకరు పైన. అప్పుడు తట్టింది నాకు.

"మావయ్యా, ఇటు తీసుకురా" అన్నాను.

మావయ్య రెండు తెడ్లు వేసి పక్కకి చేర్చాడు. నీళ్ళు తాకకుండా, ఈ పడవలోంచి ఆ పడవలోకి అడుగు వేసి టూటూ వెనక కూర్చున్నాను. టూటూ వెనక్కి తిరిగి చూడలేదు. కాస్త ముందుకి జరిగి చోటిచ్చింది.

జూడిత్ జట్టులోంచి గడ్డమున్న ఒకాయన లేచాడు. "గైడ్ లేకపోతే ఏం? మేమేమైనా ఈత రానివాళ్ళమా? మేమే దిగుతాం" అన్నాడు. వెండెల్ ఇరుకున పడ్డాడు. తను దిగితే పడవకి దిక్కులేదు, దిగకపోతే వాళ్ళకి దారి చూపేవాడు లేడు. ఏదైనా జరిగితే షాపు మూతపడుతుంది.

జూడిత్ అంచు దగ్గరికి వచ్చింది. కోపంతో మొహం ఎర్రబడింది. "నోహియా, దీనికోసం నేను ఎంత తాపత్రయపడ్డానో నీకు తెలుసు. నీకంటే ఎవరికి తెలుసు?"

"తెలుసు. మీకోసం చెయ్యాల్సినవన్నీ చేశాను. ఈ చేపలు ఊరికే కనబడేవి కావండీ. వానలు ఆగిన దగ్గర్నుంచీ మావాళ్ళు రోజూ మేత పెట్టి పెంచుతున్నవి. మా రేవంతా ఏడాది పాటు తినేది వీటినే. మీరు దిగితే బెదిరిపోతాయి. బెదిరితే ఇక రావు."

ఆవిడ టూటూ ఒళ్ళో ఉన్న మూట వైపు చూసింది. ఎర్రగా గుమ్మడి రసం గుడ్డలోంచి కారుతోంది.

"ఈ సంగతి మాకెందుకు చెప్పలేదు?" అని వెండెల్‌ని అడిగింది. ఆ గొంతు విని నాకే చేతులు కట్టుకోవాలనిపించింది. ఎంతమంది పిల్లల్ని నిలబెట్టి కడిగేసిన గొంతో.

వెండెల్ చుక్కాని వైపు తిరిగాడు.

"మిమ్మల్నే అడుగుతున్నాను" అంది. ఆయన ఇంజన్ వేసి పడవ వెనక్కి తిప్పాడు. చప్పుడు లేకుండా, మెల్లగా తిప్పాడు, అంతమాత్రం ఇంగితం ఉందిలెండి. జూడిత్ నాకు చెయ్యూపలేదు. కోపం తగ్గలేదనుకుంటా. తగ్గాలని నేనూ అనుకోలేదు.

పడవ కనుమరుగయ్యాక టూటూ మూట నీళ్ళలోకి దించింది. "ఎంతసేపు ఆకలితో ఉంచారు వీటిని" అని విసుక్కుంది. ఆ సాయంత్రమే వెండెల్ ఫోన్ చేసి రేపట్నుంచి రావద్దన్నాడు. "నేనే రాను" అన్నాను.

సెప్టెంబరులో ఒక తెల్లవారుజామున లేచి చూస్తే మావయ్య పక్క ఖాళీగా ఉంది. వలా లేదు. నేను నోరు మూసుకుని పొయ్యి ముట్టించాను. ఎండెక్కేసరికి పడవ బరువుగా, అంచు నీళ్ళకి అంగుళం ఎత్తున, మెల్లగా రేవులోకి వచ్చింది. అప్పుడు ఏడ్చాను. ఉద్యోగం పోయిన రోజు రాని ఏడుపు అప్పుడొచ్చింది. రేవు రేవంతా దిగివచ్చి చేపలు చీల్చి, ఉప్పు రాసి, ఆరబెట్టారు.

ఎండాక టూటూ చాప మీద వాటాలు వేసింది. చివర్న ఆకుల్లో ఒక పొట్లం విడిగా కట్టి నా చేతిలో పెట్టింది.

"గుట్ట మీదికి. వెండెల్‌కి."

"వాడికా? చస్తే వెళ్ళను."

"బతికే వెళ్ళు. వాడి ఇంట్లో పొయ్యి వెలుగుతోందా లేదా?"

"వాడు చేసింది మర్చిపోయావా టూటూ?"

"మర్చిపోతే ఎందుకు పంపిస్తాను?" అంది. అప్పుడర్థమైంది నాకు. వాటా తిన్న ఇల్లు వచ్చే ఏడు మేత మొయ్యాలి. అది రేవు కట్టుబాటు.

గుట్టెక్కాను. వెండెల్ తలుపు తీసి, నన్ను చూసి, పొట్లం చూసి తెల్లబోయాడు. అందుకుని వాసన చూశాడు.

"అయితే మీ అమ్మమ్మకి నా మీద కోపం పోయిందన్నమాట."

"పోలేదు."

"మరి ఇదేమిటి?"

"నీ వాటా. తింటే వచ్చే ఏడు నువ్వూ పెట్టాలి మేత. గుమ్మడి పండించాలి, ఉడకబెట్టాలి, రేవుదాకా మొయ్యాలి. మేత నెలల్లో ఆ నీళ్ళలో నువ్వు దిగవు, ఎవర్నీ దిగనివ్వవు. తిన్న ప్రతి ఇంటికీ ఇదే మాట. ఇష్టం లేదా, ఇటిచ్చెయ్."

చెయ్యి చాచి నిలబడ్డాను. ఆయన పొట్లం వైపు చూశాడు, కింద సముద్రం వైపు చూశాడు. ఎండ మాడ్చేస్తోంది. లోపలికి రమ్మనలేదు, నేనూ కదల్లేదు. ఎంతసేపైనా అక్కడే ఉండిపోవాలనుకునే వెళ్ళాను. చివరికి ఆయన పొట్లాన్ని పొట్టకి ఆనించుకున్నాడు.

"గుమ్మడి గింజలు ఎలా పెట్టాలి?"

"టూటూని అడుగు" అన్నాను. "మర్యాదగా అడుగు."